శ్యామలమ్మ చెప్పకుండా వదిలిన మాట

కొత్తవాడలో మా దుకాణాలు ఎదురెదురుగా ఉండేవి. నాది డీటీపీ, జిరాక్సు. శ్యామలమ్మది జంపఖానాలు. మధ్యన రోడ్డు, దాని మీద తెరిపి లేకుండా ఆటోలు. ఆ ఆటోల మోతను దాటుకుని ఆమె గొంతు నా దగ్గరికి వచ్చేది. నేను పెళ్లిపత్రిక టైపు చేస్తూ ‘చిరంజీవి’ దగ్గర ఉండగా అవతల నుంచి “ఏమే బిడ్డా, రేటడిగి పోతానవ్? జర నేత పట్టి చూడు” అని కేక పడేది. ఒకసారి ఆ కేకకు ఉలిక్కిపడి వరుడి పేరు ఉండాల్సిన చోట వధువు తండ్రి పేరు కొట్టి, ఐదు వందల పత్రికలు అచ్చు వేయించాను. రోడ్డు దాటి వెళ్లి నోటికొచ్చినట్టు తిట్టాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, దాచుకోవడం రాదు. ఆమె అంతా విని, టీ తెప్పించి, ఇంతకూ ఆ పెళ్లికొడుకు అసలు పేరేమిటని అడిగింది. నాకు నవ్వొచ్చింది. అది జరిగి ఇరవై రెండేళ్లు.

ఆమె పరకాల దిక్కు నుంచి ఈ వీధికి కోడలుగా వచ్చింది. భర్త నర్సింగం మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు, అత్త బతికున్నన్నాళ్లూ వాటిని ఇంటి వాకిట్లోనే అమ్మేది. పిల్లలు లేరు. ఆమెకు ముప్పై మూడో ఏట నర్సింగం ఛాతీ పట్టుకుని మగ్గం దగ్గరే ఒరిగిపోయాడు. చుట్టాలంతా పుట్టింటికి పొమ్మన్నారు. పోయి అన్నదమ్ముల ఇళ్లలో అంట్లు తోమమని దాని అర్థం. మూడో ఇంట్లో ఉండే మొగిలయ్య ఒక్కడే వేరే మాట అన్నాడట. అతను నర్సింగానికి చిన్ననాటి దోస్తు.

“అమ్మే నోరు నీకున్నది చెల్లె. నేసే చెయ్యి నాకున్నది. ఇంకేంది ఫికర్?”

ఆ మాట మీద ఆమె ముందరి గదిని దుకాణం చేసింది. నూలు ఆమె కొనిస్తుంది, మొగిలయ్య నేస్తాడు, అతని భార్య భద్రమ్మ రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతుంది. ఆ ఒప్పందానికి కాగితం లేదు. పాతికేళ్లు నడిచింది. ఈలోగా ఎక్కడెక్కడి నుంచో మిషను జంపఖానాలు లారీల్లో వచ్చిపడ్డాయి. వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఊడాయి. నేసినవాళ్లు వాచ్‌మెన్లయ్యారు, ఆటోలు పట్టారు. శ్యామలమ్మ మాత్రం మొగిలయ్య నేసిందే అమ్మింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆమెకు ఊరంతా మంచిదే. మిషను సరుకు కొనడానికి వచ్చినవాడిని కూడా కూర్చోబెట్టి, నేసిన అంచును అతని బొటనవేలితో రుద్దించి, రెండింటికీ తేడా చెప్పించి, చేతిమగ్గంది చంకన పెట్టి పంపేది. ఆ దుకాణం నిలవడానికి రెండే ఆధారాలు: ఆమె గొంతు, మొగిలయ్య మగ్గం. ఏ ఒక్కటి పోయినా షటరు దించుకోవాల్సిందే. ఈ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

మొదట గొంతే పోయింది. నిరుడు సంక్రాంతి దాటాక బొంగురు పట్టింది. నూలు దుమ్ము అంది. నాలుగు నెలలు మిరియాల కషాయం తాగింది. నేను పోట్లాడి హన్మకొండ దవాఖానకు లాక్కుపోయాను. పరీక్షలన్నీ చేసి డాక్టరమ్మ చెప్పింది: లోపల గడ్డ ఉంది, గొంతుపెట్టె మొత్తం తీసెయ్యాలి, ప్రాణం నిలుస్తుంది, మాట రాదు. తర్వాత గొంతుకు ఆనించుకుని మాట్లాడే పరికరాలు ఉన్నాయని కూడా చెప్పింది, కానీ అవి అందరికీ కుదరవట. నేను ఏడుస్తున్నాను. శ్యామలమ్మ బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని ఒక్కటే అడిగింది.

“మాట లేకుంట దుకాణం ఎట్ల నడుస్తది పద్మా?”

అప్పుడు నాకు మా అక్క కొడుకు నిఖిల్ గుర్తొచ్చాడు. ఇంజనీరింగ్ చదివి, ఇంట్లో కూర్చునే ఏదో కంపెనీకి పని చేస్తాడు. అంతకు ఏడాది ముందు, వాట్సాప్ వచ్చి పెళ్లిపత్రికలు సగం పోయాయని నేను ఫోన్లనూ కంప్యూటర్లనూ కలిపి శాపనార్థాలు పెడుతుంటే, తిట్టుకుంటూ కూర్చోకు చిన్నమ్మా, నేర్చుకో అని ఏఐతో పోస్టర్లు చేయడం నేర్పింది వాడే. నా దుకాణం దానితోనే గట్టెక్కింది. అందుకని వాడి దగ్గరికి పోయి సంగతి చెప్పాను. మనిషి గొంతు నేర్చుకుని, అదే గొంతుతో ఫోనెత్తి మాట్లాడే ఏఐ ఉందన్నాడు వాడు. చిన్న దుకాణాలవాళ్లు చాలామంది పెట్టుకుంటున్నారట. బేరం మాట్లాడుతుంది, సరుకు చూసుకుంటుంది, ఏది ఎప్పుడు అమ్ముడవుతుందో ముందే చెబుతుంది. కాకపోతే మాట పోకముందే గొంతు రికార్డు చేయాలి. ఆపరేషన్‌కు తొమ్మిది రోజులుంది.

నా దుకాణం వెనక గదిలో ఫ్యాను ఆపి, తలుపు వేసి, ఆరు రోజులు కూర్చున్నాం. చెమటలు కారుతున్నా ఆమె ఆపలేదు. బొంగురు గొంతే, మధ్యమధ్య దగ్గు. నిఖిల్ ఆమె పాత వాట్సాప్ వాయిస్ మెసేజులు కూడా ఎక్కించి ఆ బొంగురు తీసేస్తానన్నాడు. ఆమె పాతికేళ్ల వ్యాపారమంతా చెప్పింది. పెళ్లివాళ్లు వస్తే ఏమనాలి, భజన మండలివాళ్లతో ఎట్లా మాట్లాడాలి, బడి సారు వస్తే ఏ సైజు చూపించాలి, బేరమాడి వెళ్లిపోయేవాడిని ఎన్ని అడుగులు వేశాక వెనక్కి పిలవాలి. మూడడుగులకు పిలిస్తే అలుసవుతామట, పది దాటితే రాడట. అమ్మిన పదిహేను రోజులకు కొన్నవాళ్లకు ఫోన్ చేసి, జంపఖానా ఎట్లుంది, అందరూ మంచిగా కూర్చున్నారా అని అడగాలని చెప్పింది. “మీ ఇంట్ల గిసొంటి కార్యాలు మస్తు కావాలె, మల్ల మా దగ్గరికే రాండ్రి” అని, ఇలాంటి శుభకార్యాలు ఇంకా ఎన్నో జరగాలని దీవించి పెట్టెయ్యాలి. అది ఆమె పాత అలవాటు. ఆ ఫోన్ల వల్లే సగం గిరాకీ మళ్లీ వచ్చేది.

ఆఖరి రోజు నిఖిల్ అడిగాడు. “చెప్పకుంట మిగిలిపోయింది ఇంకేమన్న ఉన్నదా పెద్దమ్మా? చెప్పకపోతే దానికి తెల్వది.”

ఆమె చాలాసేపు ఆలోచించింది. నా వైపు చూసింది. “అంతే బిడ్డా” అంది.

అంతే కాదు. ఇంకొకటి ఉంది. ఈ వీధిలో పుట్టి పెరిగిన ప్రతి దుకాణందారుకూ అది తెలుసు, నాకూ తెలుసు. జంపఖానా పెళ్లికే కాదు, చావింటికీ కావాలి. వచ్చినవాళ్లు కూర్చోవాలి కదా. చావింటి మనిషి దుకాణం మెట్టెక్కడు. కింద నిలబడి, పెద్దదొకటి అంటాడు, అంతే. ఎందుకని అడగకూడదు. బేరం ఉండదు. రంగు కవరులో పెట్టకూడదు. మళ్లీ రండి అనకూడదు. పేరు, ఊరు, నంబరు ఏదీ రాసుకోకూడదు, అసలు ఆ అమ్మకమే జరగనట్టు ఉండాలి. ఇదంతా ఎవరూ ఎవరికీ నోటితో చెప్పరు. శ్యామలమ్మకు వాళ్ల అత్త చెప్పలేదు, ఆమె చేస్తుంటే చూసి నేర్చుకుంది. దుకాణంలో దీపం ముందర ఆ మాట తీస్తే అశుభం. పైగా మూడు రోజుల్లో కత్తి కిందికి పోబోయే మనిషి. ఆ నోటితో చావు మాట ఎట్లా చెబుతుంది? నేనైనా చెప్పి ఉండొచ్చు. నాకూ నోరు రాలేదు.

ఆపరేషన్ అయింది. ఆమె బతికింది. మెడ దగ్గర రంధ్రానికి తెల్ల గుడ్డ కట్టుకుని ఇంటికొచ్చింది. డాక్టరమ్మ చెప్పిన పరికరం ఒకటి తెచ్చి గొంతుకు ఆనించి చూశాం. గరగరమన్న శబ్దమే తప్ప మాట తెలియలేదు. ఆమె రెండోరోజే దాన్ని అల్మారాలో పడేసింది.

ఇక ఆ ఏఐ యంత్రం మొదలైన రోజు సంగతి చెప్పాలి. నిఖిల్ తన ఫోన్ నుంచి దుకాణం నంబరుకు చేశాడు. “ఆ, చెప్పు బిడ్డా, కొత్తవాడ శ్యామలమ్మను మాట్లాడ్తాన” అని వినపడింది. బొంగురు లేదు. ఆమెకు నలభై ఏళ్లున్నప్పటి గొంతులా ఉంది. శ్యామలమ్మ స్టూలు మీద కూర్చుని రెండు చేతులతో నోరు మూసుకుంది. అది వినిపించాక, ప్రతి ఫోనులోనూ ముందుగా, ఇది శ్యామలమ్మ గొంతుతో మాట్లాడే యంత్రం అని ఒక మాట చెప్పేటట్టు పెట్టాడు నిఖిల్. ఎదుటివాళ్లను మోసం చేసినట్టు ఉండకూడదని వాడి ఉద్దేశం. ఆమె తల అడ్డంగా ఊపింది. తీసెయ్యమని వేలితో చూపించింది. వాడు వద్దన్నాడు, ఆమె వినలేదు. నేను ఆమె వైపే మాట్లాడాను. దుకాణం ఆమెది, గొంతు ఆమెది, నీకెందుకురా అన్నాను.

ఆ తర్వాత ఐదు నెలలు దుకాణం ఎన్నడూ నడవనంత బాగా నడిచింది. ఉన్నమాట చెప్పాలి కదా. కరీంనగర్ నుంచి, ఖమ్మం నుంచి ఫోన్లొచ్చేవి. ఫోటో తీసి ఎక్కిస్తే జంపఖానా గురించి నాలుగు మంచి ముక్కలు అదే రాసిపెట్టేది. పంద్రాగస్టు ముందర బడులకు చిన్న సైజులు పోతాయని, వానల్లో పెద్దవి నేయించొద్దని చెప్పింది. చెప్పినట్టే జరిగింది. ఖమ్మం ఆసామి ఒకడు ఇరవై నిమిషాలు దానితో బేరమాడి ఓడిపోయి, ఇంత గట్టిగా మాట్లాడిన ఆడమనిషి ఎవరో చూద్దామని బస్సెక్కి వచ్చాడు. స్టూలు మీద మెడకు గుడ్డ కట్టుకున్న మనిషి చేతులు జోడిస్తే, ఏమనాలో తెలియక నాలుగు జంపఖానాలు కొనుక్కుని పోయాడు. మొగిలయ్యకు చేతినిండా పని. పాతికేళ్లలో మొదటిసారి మూడు నెలల నేతకు సరిపడా ఆర్డర్లు ముందుగానే ఉన్నాయి. మాఘంలో మేడారం జాతర ఉంది కాబట్టి అరవై పెద్దవి సిద్ధం చేసుకోమంది ఆ యంత్రం. శ్యామలమ్మ నూలు తెప్పించి మొగిలయ్య ఇంట్లో దింపింది.

ఆ యంత్రం లెక్కలన్నీ ఒక ట్యాబులో ఉండేవి, అమ్మకాలు అందులో ఎక్కించే పని నాది. ఆమెకు ఆ టైపింగు రాదు. రోజూ సాయంత్రం రోడ్డు దాటి వెళ్లి, ఏ సైజు ఎవరికి పోయింది, వాళ్ల ఫోన్ నంబరేమిటి అని ఎక్కించి వచ్చేదాన్ని.

కార్తీకం వెళ్లిన వారానికి భద్రమ్మ పోయింది. పొద్దున రాట్నం ముందు కూర్చుంది, తల తిరుగుతుందని పక్కకు వాలింది, అంతే. శ్యామలమ్మ కబురు విని లేచి, దుకాణంలోకి పోయి, కుంకుమరంగు అంచు ఉన్న పెద్ద జంపఖానా తీసింది. మొగిలయ్య నేసినవాటిలో అంత మంచిది లేదు. ఎవరెంత అడిగినా అమ్మకుండా పైఅరలో పెట్టుకుంది. దాన్ని భుజాన వేసుకుని తనే మోసుకుపోయి వాళ్ల వాకిట్లో పరిచింది. దినాలు అయ్యేదాకా ఊరంతా వచ్చి దాని మీదే కూర్చున్నారు.

ట్యాబు ఊరుకోదు కదా. సాయంత్రం మిగిలిన సరుకు లెక్క కొట్టగానే, పెద్దది ఒకటి తగ్గింది, ఎవరికి ఇచ్చారు అని అడిగింది. నేను ఏమీ రాయకుండా వదిలేశాను. మర్నాడు మళ్లీ అడిగింది. మూడోనాడూ అడిగింది. పేరూ నంబరూ ఎక్కిస్తే తప్ప ముందుకు కదలదు. ఆమె దుకాణంలో గిరాకీ నిలబడి ఉన్నాడు, నా దుకాణంలో జిరాక్సు మిషను పేపరు పట్టుకుని మొరాయిస్తోంది. నాకు విసుగు పుట్టింది. మొగిలయ్య అని కొట్టాను, నోటికి వచ్చిన అతని నంబరు కొట్టాను, కోపంగా ఓకే నొక్కాను. ఎవరింటికి పోయిందో రాసుకోకూడదని తెలిసిన మనిషిని నేను. అది రాయడమని ఆ క్షణంలో నాకు తోచలేదు. సరుకు లెక్క సరిచేస్తున్నాననుకున్నాను.

పదిహేను రోజులు గడిచాయి. ఒక ఉదయం ఆటోవాడు వచ్చి శ్యామలమ్మ దుకాణం ముందు సామాను దించాడు. నూలు మూటలన్నీ ఉన్నాయి. పైన మగ్గం నుంచి కోసేసిన జంపఖానా, సగం వరకే నేసింది, పడుగు పోగులు వేలాడుతూ. మొగిలయ్య పంపిండు అన్నాడు ఆటోవాడు. నేసేవాడు పడుగును మధ్యలో కోశాడంటే ఇక తెగతెంపులేనని కొత్తవాడలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. శ్యామలమ్మ ఆ తెగిన పోగులు పట్టుకుని నిలబడిపోయింది.

అమ్మిన పదిహేను రోజులకు పోయే ఫోను గుర్తొచ్చింది. ట్యాబు తీసి చూశాను. ముందురోజు పది గంటలకు మొగిలయ్య నంబరుకు ఫోన్ పోయి ఉంది. నిఖిల్‌ను పిలిచాను. వాడొచ్చి ఆ రికార్డింగు పెట్టాడు. నేను ఆపమన్నాను. శ్యామలమ్మ పెట్టమని సైగ చేసింది.

“అన్నా, నమస్తే. నేను కొత్తవాడ శ్యామలమ్మను.”

“హలో? చెల్లె?” అది మొగిలయ్య గొంతు. తర్వాత ఫోను పక్కకు పోయినట్టు దూరంగా ఏదో చప్పుడు. ఆ చప్పుడు మీదే ఆమె గొంతు హుషారుగా మాట్లాడుతూ పోయింది.

“జంపఖానా ఎట్లున్నదే? అందరు మంచిగ కూసున్నరా? మీ ఇంట్ల గిసొంటి కార్యాలు మస్తు కావాలె. మల్ల మా దగ్గరికే రాండ్రి.”

అక్కడితో లైను తెగిపోయింది.

శ్యామలమ్మ ముఖంలో రంగు పోయింది. నిఖిల్ జాబితా పైకి జరిపి, మొగిలయ్య నంబరు ఏ రోజు ఎక్కిందో చూపించాడు. ఆమె ఆ జాబితా చూసింది, నన్ను చూసింది. ట్యాబు ముట్టేది నేనొక్కదాన్నే. నేను తలవంచుకున్నాను. ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

నిఖిల్ ఐదు నిమిషాల్లో సరిచేశాడు. చావింటికి ఫోన్ చేయకూడదు, రాసుకోకూడదు అని నాలుగు ముక్కలు రాసి ఎక్కిస్తే చాలట. ఇక ఎన్నడూ ఆ తప్పు చేయదన్నాడు. ముందే చెబితే అదే చేసేది కదా పెద్దమ్మా అన్నాడు, నెమ్మదిగానే. వాడు చెప్పింది నిజం. దాన్ని తిట్టడానికి నాకు ఒక్క సాకూ దొరకలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాం.

ఆమె మొగిలయ్య ఇంటికి బయలుదేరింది. ఆమె ఏం చెప్పదలచుకుందో టైపు చేస్తే ఆమె గొంతుతోనే ఫోను చెబుతుందని నిఖిల్ ఫోన్ అందించాడు. ఆమె ఆ చేతిని తోసేసింది. మొగిలయ్యకు చదువు రాదు, కాగితం రాసిచ్చి లాభం లేదు. నేను వస్తానన్నాను. నేనే చెబుదామని మనసులో గట్టిగా అనుకుని ఆమె వెనకాల నడిచాను.

మొగిలయ్య అరుగు మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. గడ్డం పెరిగి, కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. లోపల మగ్గం ఖాళీగా ఉంది. కూర్చోమనలేదు. శ్యామలమ్మ కింద నిలబడి చేతులు జోడించింది. పెదవులు కదిలాయి. గాలి తప్ప ఏమీ రాలేదు.

“నీ గొంతు విన్న చెల్లె” అన్నాడు అతను. అరవలేదు. “దుకాణంల యంత్రమున్నదని విన్న గని, అది నీ గొంతుతోని మాట్లాడ్తదని ఎర్క లేదు. దవాఖానల మల్ల ఏదో చేసిన్రు, దేవుడు సల్లగ చూసిండు అనుకున్న. ఫోను చేతుల వట్టుకోనే లోపలికి ఉరికిన. భద్రా, శ్యామలకు మాటొచ్చిందే అని పిలిచిన.”

అతని చూపు లోపలి రాట్నం మీదికి పోయింది.

“పిలిచినంక యాదికొచ్చింది, ఆమె లేదని. మల్ల ఫోను చెవికి వెట్టుకుంటె నువ్వు గిసొంటి కార్యాలు మస్తు కావాలె అంటానవ్.”

శ్యామలమ్మ అరుగు అంచు పట్టుకుంది. నేను నోరు తెరిచాను. అన్నా, అది యంత్రం అని మొదలుపెట్టాను. అతను చెయ్యెత్తి ఆపాడు.

“యంత్రమని అందరు చెప్పిన్రు. దాన్ని ఏమంటం? దానికేం ఎర్క. గని మా ఇంటి నంబరు దానికి మనిషే ఇచ్చిండు గద. చావింట్ల పరిచిన జంపఖానను లెక్కల రాస్తరా చెల్లె? మీ అత్త ఏనాడన్న రాసిందా? నువ్వు రాసినవా?”

ఆ ప్రశ్న ఆమెను అడిగాడు. జవాబు నా దగ్గర ఉంది. అన్నా, నేనే రాశాను, ఆమెకు తెలియదు అంటే అయిపోయేది. మూడు ముక్కలు. నా గొంతు నాకుంది, నాలుక నోట్లోనే ఉంది, వీధిలో ఎవరినైనా నిలబెట్టి కడిగేయగల మనిషిని. అతని ముఖం చూస్తే భయమేసింది. శ్యామలమ్మ ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను చెబుతానేమోనని చూసిందో, చెప్పొద్దని చూసిందో ఈరోజుకీ నాకు తెలియదు. నేను కిందికి చూశాను.

ఆమె అతని వైపు తిరిగి, రాశానన్నట్టు తల ఊపింది.

“ఇగ నీకు నెయ్య” అన్నాడు మొగిలయ్య. లేచి లోపలికి పోయి తలుపు దగ్గరికి వేశాడు.

వారం తర్వాత అతని కూతురు వచ్చి మగ్గం విప్పించి, కట్టెలు అమ్మేసి, తండ్రిని స్టేషన్ ఘన్‌పూర్‌కు తీసుకుపోయింది. జాతర ఆర్డర్ల కోసం ఫోన్లు వస్తూనే ఉన్నాయి. మిషను సరుకు తెప్పించుకో అక్కా, ఈ ఒక్క సీజను గట్టెక్కుదాం అని బతిమాలాను. ఆమె వినలేదు. సరుకు లేదని చెప్పేటట్టు నిఖిల్‌తో మార్పించింది. మూడు వారాలు ఆమె గొంతు అడిగినవాళ్లందరికీ లేదు బిడ్డా, లేదు అన్నా అని మర్యాదగా చెప్పింది. తర్వాత ఫోన్లు తగ్గాయి. మాఘం రాకముందే ఆమె షటరు దించింది, ఆ గొంతునూ తీసేయించింది. నిఖిల్ రెండుసార్లు అడిగాడు, తీసేస్తే మళ్లీ రాదు పెద్దమ్మా అని. ఆమె తనే వేలు పెట్టి నొక్కింది.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఆమె ఇంటికి పోతాను. వీధి కబుర్లు చెబుతాను, ఆమె వింటుంది. ఒకసారి ఆ సంగతి ఎత్తాను. అక్కా, ఆనాడు నేనే చెప్పాల్సింది, నీ మీద వేసుకున్నావు, నేను పోయి మొగిలయ్యన్నకు చెప్పొస్తాను అన్నాను. ఆమె బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు, తల ఎత్తలేదు. పొమ్మనలేదు, వద్దనలేదు.

స్టేషన్ ఘన్‌పూర్ ఎంత దూరమని, రైలెక్కితే గంట కూడా పట్టదు. నేను ఇంతవరకు పోలేదు.